పిల్లలతో కొండ మీద ఒక రాత్రి

అనంతగిరి, అరకు కొండల్లో వలిసె పూలు విరగబూసే రోజులు దగ్గరపడుతున్నాయి. చిన్నపిల్లలను వెంటబెట్టుకొని కొండల్లో నడిచి, రాత్రి అక్కడే డేరాలో పడుకోవడం గురించి ఈ నెల విశాఖపట్నం, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. పాతికేళ్ళుగా పిల్లలను ఆ కొండలకు తీసుకువెళ్తున్నవాడిని కనుక ఈ శీర్షికను ఈసారి ఆ ఒక్క విషయానికే కేటాయించమని సంపాదకులను కోరాను.

ప్రశ్న: మాకు ఆరేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. డిసెంబరు సెలవుల్లో మరో కుటుంబంతో కలిసి అనంతగిరి వైపు కొండల్లో ఐదారు కిలోమీటర్లు నడిచి, గెడ్డ (కొండవాగు) ఒడ్డున డేరా వేసుకొని, మర్నాడు తిరిగి రావాలనుకుంటున్నాము. పిల్లలు ఇంతవరకు ఆరుబయట పడుకోలేదు. మా అత్తగారు చిరుతపులి ఉంటుందని చెప్పి వద్దంటున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పక వెళ్ళండి, కానీ మీరు రాసిన ఏర్పాట్లలో రెండింటిని మార్చుకోండి. ఒకటి ఆ ఐదారు కిలోమీటర్ల దూరం, రెండవది గెడ్డ ఒడ్డున డేరా.

దూరం సంగతి ముందు చెబుతాను, తక్కినవన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి. పిల్లలు ఎంత దూరం నడవగలరని తల్లిదండ్రులందరూ అడుగుతారు. హుషారు వస్తే ఆరేళ్ళ పిల్లవాడు ఐదు కిలోమీటర్లు నడిచినా నడుస్తాడు. నేను అడిగేది వేరు. అర్ధరాత్రి ఒంటిగంటకు ఆ పిల్లవాడికి వాంతులు పట్టుకుంటే, వాడిని ఎత్తుకొని టార్చి వెలుతురులో మీరు ఎంత దూరం నడవగలరు? నాలుగేళ్ళ పాప సుమారు 16 కిలోలు, ఆరేళ్ళ బాబు సుమారు 20 కిలోలు ఉంటారు. రాళ్ళు తేలిన దిగుడు దారిలో, మంచుకు తడిసిన గడ్డి మీద, అంత బరువును భుజాన వేసుకొని గంటలో ఒకటిన్నర, రెండు కిలోమీటర్లకు మించి నడవడం పెద్దవాళ్ళకు కూడా కష్టం. కాబట్టి మీ డేరాకూ బండి నిలిచే రోడ్డుకూ నడుమ అంతకు మించి దూరం ఉండకూడదు. ఇంకా నడవాలన్న సరదా ఉంటే, డేరా వేసి, ఒకరిని కాపలా ఉంచి, వెలుతురు ఉండగానే చుట్టుపక్కల తిరిగి రావచ్చు. నాలుగేళ్ళ పిల్ల ఎక్కుడు దారిలో గంటకు కిలోమీటరు నడిస్తే బాగా నడిచినట్టే లెక్క, ఎందుకంటే మిరియాల తీగ పాకిన చెట్టు దగ్గరా, చీమల బారు దగ్గరా అది ఆగుతుంది, ఆగనివ్వాలి కూడా.

ఇక రాత్రి పొడవు. పెద్దలు సాధారణంగా దీని గురించి ఆలోచించరు. డిసెంబరులో మన వైపు సాయంత్రం 5.30 లోపే సూర్యుడు అస్తమిస్తాడు, ఉదయం 6.15 దాటితే గానీ మళ్ళీ కనబడడు. కొండల నడుమ లోయల్లోనైతే ఎండ అంతకంటే ముందే తప్పుకుంటుంది. అంటే దాదాపు 13 గంటల రాత్రి. ఇంట్లో దీపాల మధ్య పెరిగిన పిల్లలకు అంత చీకటి ఎప్పుడూ అనుభవంలోకి వచ్చి ఉండదు. అందువల్ల మధ్యాహ్నం 3 గంటలకల్లా డేరా వేసే చోటికి చేరుకోవాలి. వెలుతురులో డేరా వేయడం చూసి, ఆ మేకులలో రెండు తమ చేతులతో దిగగొట్టిన పిల్లలకు, చీకటి పడ్డాక అదే డేరా తమ ఇల్లుగా కనిపిస్తుంది. చీకట్లో హడావుడిగా వేసిన డేరాలోకి వాళ్ళను తోస్తే ఏడుస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

పిల్లలు ఇంతవరకు బయట పడుకోలేదని రాశారు. అందుకే మొదటి రాత్రి కొండ మీద వద్దు. నవంబరులో ఒక శనివారం మీ మేడ మీదే ఆ డేరా వేసి, ఇంటిల్లిపాదీ అందులో పడుకోండి. ఏ దుప్పటి చాలలేదో, ఎవరు రాత్రి రెండుసార్లు లేస్తారో, జిప్పు తీయడం పాపకు చేతనవుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. తరువాత ఒక ఆదివారం కంబాలకొండ ప్రవేశద్వారం దగ్గర మొదలయ్యే కాలిబాటల్లో పగటిపూట నడిపించండి. ఆపైన, విశాఖకు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న టైడా వద్ద పర్యాటక శాఖ వసతిలో ఒక రాత్రి ఉండి చూడవచ్చు. చుట్టూ అడవే అయినా పిలిస్తే పలికే మనుషులు ఉంటారు, ఉదయం కిరండూల్ పాసింజరు రైలులో వెళ్తే సొరంగాల లెక్కతో పిల్లల ప్రయాణం తెలియకుండా గడుస్తుంది. ముందుగా పిల్లలకు రాత్రి అలవాటు కావాలి, దూరం ఆ తరువాత వస్తుంది.

గెడ్డ ఒడ్డు వద్దనడానికి మొదటి కారణం చలి. సముద్రం పక్కన ఉండే మనకు డిసెంబరు రాత్రి 17, 18 డిగ్రీలంటేనే చలి కింద లెక్క. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. దారిలో తగిలే సిమిలిగుడ స్టేషన్ ఎత్తే సుమారు 996 మీటర్లు. దానికి తోడు చల్లగాలి బరువైనది కనుక రాత్రంతా వాలు వెంట కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. గెడ్డ పక్కన వణికిపోయే రాత్రే, ఇరవై ముప్ఫై మీటర్లు పైనున్న మెట్ట మీద ఓర్చుకోదగినట్టు ఉంటుంది. పైగా గెడ్డ ఒడ్డున దోమలు ఎక్కువ, జంతువులు నీళ్ళకు వచ్చేది అక్కడికే, ఎగువన ఎక్కడో వాన కురిస్తే మీ నెత్తిన చినుకు పడకుండానే నీరు పొంగి రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలమన్నది హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. బయలుదేరే ముందు రోజు వాతావరణ హెచ్చరిక చూసి, అల్పపీడనం అన్న మాట కనబడితే ప్రయాణం మానుకోండి.

చలి గురించి ఇంకొంచెం రాయాలి. చిన్నపిల్లల శరీరంలో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందువల్ల వాళ్ళ ఒంటి వేడి మనకంటే త్వరగా పోతుంది. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు, ఒక జనవరి తెల్లవారుజామున, లోయలో పరుచుకున్న మంచు మేఘాన్ని చూపిద్దామని వీపుకు తగిలించుకొనే సంచిలో కూర్చోబెట్టుకొని గంటసేపు కొండ ఎక్కాను. నాకు చెమటలు పోస్తున్నాయి. మొదట్లో ఆగకుండా మాట్లాడిన పిల్ల కాసేపటికి మాటలు మానేసింది, నిద్రపోయిందనుకున్నాను. పైకి చేరి దించి, చేతిలో బిస్కెట్టు పెడితే వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోలేదు. బిస్కెట్టు జారి కింద పడింది, పిల్ల దానివంక చూడనైనా లేదు. చొక్కా విప్పి, దాని తడి బట్టలు తీసి, గుండెకు హత్తుకొని రగ్గు కప్పుకొని కూర్చుంటే, చాలాసేపటికి ఏడ్చింది. ఆ ఏడుపు కోసం నేను ఎంత ఎదురుచూశానో మాటల్లో చెప్పలేను. నడిచేవాడికి ఒళ్ళు వేడెక్కుతుంది, వీపున కదలకుండా కూర్చున్న పిల్లకు వేడి పుట్టదు అన్న చిన్న సంగతి ఆనాడు నాకు తట్టలేదు. చలికి ఏడ్చే పిల్ల గురించి భయపడనక్కర్లేదు, ఏడుపు మాని మాట తడబడుతూ, వస్తువులు జారవిడుస్తూ మందకొడిగా మారిన పిల్లను క్షణం ఆలస్యం చేయకుండా వెచ్చబరచాలి.

అందుకని నడిచేటప్పుడు వేసుకున్న బట్టలను సూర్యుడు దిగకముందే, చలి వేయకముందే, బనీనుతో సహా మార్చేయండి. మంకీ క్యాపు, మేజోళ్ళు పడుకునేటప్పుడు కూడా ఉంచాలి. పైన మూడు రగ్గులు కప్పి కింద పల్చటి చాప వేస్తే లాభం లేదు, ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది. కింద వేసేదే మందంగా ఉండాలి. పిల్లలను మధ్యలో పడుకోబెట్టుకోండి. ఎంత చలి వేసినా డేరాలోకి కుంపటి గానీ, వెలుగుతున్న స్టవ్వు గానీ తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక మీ అత్తగారి భయం. ఉత్తరాంధ్ర కొండల్లో చిరుతలున్న మాట నిజమే, ఆమెను తీసిపారేయవద్దు. సంధ్యవేళ నుంచి పిల్లలెవరూ పెద్దల చేయి అందనంత దూరం పోకూడదు. ముఖ్యంగా మూత్రానికి చీకట్లో ఒంటరిగా వంగి కూర్చోనివ్వకూడదు. దీన్ని పాటిస్తే చిరుత గురించి నాకు పెద్ద భయం లేదు. నేను ఎక్కువగా భయపడేది కట్లపాముకు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, కాటు వేసినా చాలాసార్లు నొప్పి గానీ వాపు గానీ ఉండవు. నిద్రపోయిన పిల్ల కడుపునొప్పి అంటూ లేచి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకొని వాము పట్టిస్తూ కూర్చోకూడదు. కింద గుడ్డ కుట్టి ఉన్న, జిప్పు పూర్తిగా మూసుకొనే డేరా తప్పనిసరి. జిప్పు ఐదు నిమిషాలు కూడా తెరిచి ఉంచవద్దు. పుట్టలు, ఆకు కుప్పలు, రాళ్ళ గుట్టలు పక్కన లేని చోటు ఎంచుకోండి. బూట్లు డేరా లోపల పెట్టుకొని, వేసుకొనే ముందు తిరగేసి నేలకు కొట్టడం పిల్లలకు ఆటలా నేర్పండి.

కాటు అనుమానం వస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయకుండా, కాటు పడిన చేయి లేదా కాలు కదలకుండా కర్ర ఆధారం కట్టి, పిల్లను నడిపించకుండా ఎత్తుకొని ఆసుపత్రికి చేర్చాలి. మన దేశంలో దొరికే పాము విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది, పిల్లలకు కూడా పెద్దల మోతాదే ఇస్తారు. పాముకోసం వెతకనక్కర్లేదు. 108కు ఫోను చేయాలంటే ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నలు అందదు కనుక, దారిలో చివరిసారి సిగ్నలు ఎక్కడ ఉందో, విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో వెళ్ళేటప్పుడే కనుక్కొని కాగితం మీద రాసుకోండి. మీరు ఎక్కడ పడుకుంటారో, ఏ గంటకు తిరిగి ఫోను చేస్తారో మీ అత్తగారికే చెప్పి వెళ్ళండి. ఆమె ఆందోళన ఆ రాత్రి మీకు రక్షణగా పనికివస్తుంది.

అనుమతి లేకుండా రిజర్వు అడవిలో డేరా వేయవద్దు. ముందుగా అటవీశాఖ రేంజి కార్యాలయంలో అడగండి. అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి కావాలనీ, అక్కడ ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయరాదనీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. నా సలహా ఏమిటంటే, ఊరికి దగ్గరగా ఉన్న ఏ గిరిజన కుటుంబపు కాఫీ తోట గట్టునో వారిని అడిగి, తగిన సొమ్ము చెల్లించి ఉండండి. ఆ ఊరి పెద్దమనిషి ఒకరిని దారి చూపడానికి తోడు తీసుకోండి. ఏ చెట్టు మీద పెద్ద తేనెపట్టు ఉందో, ఏ దారిన ఎలుగుబంటి తిరుగుతుందో ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఆయన ఇక్కడ వద్దంటే ఎందుకని అడగకుండా డేరా ఎత్తేయండి.

తిండి, నీళ్ళ గురించి ఎక్కువ చెప్పను. పులిహోర, చోడి (రాగి) పిండి జావ, వేరుశనగ ఉండలు, అటుకులు చాలు. గెడ్డ నీరు ఎంత తేటగా ఉన్నా ఎగువన పశువులు దిగుతాయి. బుడగలు తెర్లేలా కనీసం ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చి తాగించండి. నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి. మలవిసర్జనకు గెడ్డకు కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీయండి, కాగితాలు, ప్లాస్టిక్ మూటగట్టి వెనక్కి తెచ్చేయండి.

రాత్రి ఏదో ఒక జాములో కుక్క మొరిగినట్టు ఒక అరుపు వినిపించవచ్చు. అది ఒక రకం జింక. పిల్లలకు ముందే చెప్పి ఉంచితే, వాళ్ళు ఆ అరుపుకోసం ఎదురుచూస్తూ చీకటి సంగతి మరచిపోతారు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు పద్నాలుగు నెలల మనవడిని తీసుకొని స్నేహితులతో లంబసింగి దగ్గర డేరాలో పడుకొని వస్తామంటున్నారు. నేను వద్దంటే, మీది పాతకాలపు భయం అంటున్నారు. ఎవరిది సరైన మాట?
– ఒక నాయనమ్మ, గాజువాక

జవాబు: అమ్మా, ఈ విషయంలో నేను మీ పక్షాన ఉన్నాను. లంబసింగి మన రాష్ట్రంలో అత్యంత చలి ప్రదేశాల్లో ఒకటి. అంత పసివాడు తనకు చలి వేస్తోందని చెప్పలేడు, రగ్గు జారితే కప్పుకోలేడు, ముఖం మీదికి వస్తే తప్పించుకోవడం కూడా సరిగా తెలియదు. ఇరుకు డేరాలో, బరువైన రగ్గుల కింద, అలసి నిద్రపోయిన ఇద్దరు పెద్దల మధ్య పసివాడిని పడుకోబెట్టడంలో ఊపిరాడని ప్రమాదం కూడా ఉంది. ఏజెన్సీలో మలేరియా ఇంకా పోలేదు, అది పసిపిల్లలను పెద్దలకంటే తీవ్రంగా కుంగదీస్తుంది.

అయితే మీ కోడలి కోరికను కూడా అర్థం చేసుకోండి. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఇల్లు కదలని తల్లికి కొండగాలి పీల్చుకోవాలని ఉండటం సహజం. తలుపు, మంచం, దోమతెర ఉన్న గదిలో రాత్రి ఉండి, ఎండ వచ్చాక పిల్లవాడిని ఎత్తుకొని ఒక గంట నడిచి వచ్చేలా ఏర్పాటు చేసుకోమనండి. వీలైతే మీరూ వెళ్ళండి. స్నేహితులు తెల్లవారుజామున మంచు చూడటానికి వెళ్తే, పిల్లవాడు మీ పక్కన వెచ్చగా నిద్రపోతాడు, మీ కోడలు నిశ్చింతగా వెళ్ళివస్తుంది. వాడికి నాలుగేళ్ళు వచ్చాక డేరా సంగతి ఆలోచించవచ్చు.

ప్రశ్న: పదేళ్ళ మా అబ్బాయి కొండ శిఖరం దాకా ఎక్కాలని పట్టుపడతాడు, ఐదేళ్ళ అమ్మాయి రెండు మలుపులు తిరగగానే ఎత్తుకోమంటుంది. ఇద్దరినీ ఒకే ప్రయాణంలో ఎలా సంతోషపెట్టాలి?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: నడక వేగం, దూరం అమ్మాయికి తగ్గట్టే ఉండాలి, ఇందులో మధ్యేమార్గం లేదు. అన్నయ్య వెంట పరుగెత్తి అలసిపోయిన పిల్ల, సాయంత్రం అన్నం ముట్టకుండా పడుకుంటే, ఆ రాత్రి చలికి తట్టుకోలేదు. అబ్బాయికి దూరానికి బదులు బాధ్యత ఇవ్వండి. వరుసలో ముందు నడిచి దారి చూడటం, డేరా చోటు కోసం నేల పరీక్షించటం, స్టవ్వు దగ్గర మీ పక్కన ఉండి జావ కలపటం వాడికి అప్పగించండి. తన బరువులో పదో వంతుకు మించకుండా ఒక సంచి మోయనివ్వండి. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు చాలు. మర్నాడు ఉదయం, పెద్దలు ముగ్గురు నలుగురు ఉంటే, ఒకరు వాడిని తీసుకొని పై మలుపుదాకా వెళ్ళి రావచ్చు. మీరూ మీ భార్యా మాత్రమే ఉంటే విడిపోవద్దు, ఎందుకంటే విడిపోయాక ఎవరికి దెబ్బ తగిలినా రెండవవారికి తెలిసే దారి లేదు.

ఇద్దరి మెడలోనూ ఈలలు వేయండి. దారి తప్పితే వెతుక్కుంటూ తిరగకుండా, ఉన్నచోటే ఒక చెట్టును పట్టుకొని నిలబడి, మూడేసిసార్లు ఈల ఊదుతూ ఉండాలని ఇంటి దగ్గరే ఆడించి నేర్పండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్ళేటట్లయితే ఇప్పచెట్ల దరిదాపుల్లో డేరా వేయకండి. రాలిన ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి.

ప్రశ్న: ఏజెన్సీ కొండల్లో రెండు రాత్రులు ఉండి వచ్చాము. పది రోజులకు మా పాపకు జ్వరం వచ్చింది. వైరల్ జ్వరమని పారాసెటమాల్ వేస్తున్నాము. దానికీ ఆ ప్రయాణానికీ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఉండవచ్చు. ఈ సంచిక వచ్చేదాకా ఆగకుండా మీకు వెంటనే విడిగా జవాబు పంపాము. మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. ఫాల్సిపేరం మలేరియా సాధారణంగా దోమ కుట్టిన 7 నుంచి 14 రోజులకు బయటపడుతుంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆననంత చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా దాదాపు అన్ని రోజులకే మొదలవుతుంది. రెండింటికీ మంచి మందులున్నాయి, రెండూ ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తాయి. డాక్టరుకు జ్వరం సంగతి మాత్రమే చెబితే ఆయనకు వీటిపై అనుమానం రాకపోవచ్చు కనుక, ఏజెన్సీలో ఫలానా తేదీల్లో నేల మీద పడుకున్నామని మీరే ముందుగా చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించమని అడగండి. ఆసుపత్రికి బయలుదేరే ముందు పాప బట్టలు విప్పి, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనుక, లాగు నాడా బిగిసే చోట, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఏదైనా ఉందేమో వెతకండి. అది నొప్పి పుట్టదు, దురద పెట్టదు, అందుకే పిల్లలు చెప్పరు. కనిపిస్తే డాక్టరుకు చూపించండి.